మీకు తెలుసా? ఆ ఎం.కె. ఎవరు?

అమీగా కంప్యూటర్ల కాలం నాటి పాట ఫైలు ఒకటి దొరికితే వెంటనే పాడించకండి. ముందు దాన్ని లోపలి బైట్లు చూపించే ఎడిటర్‌లో తెరవండి. మొదట పాట పేరుకు 20 బైట్లు. తర్వాత ఒక్కో వాయిద్యానికి 30 బైట్ల చొప్పున 31 వాయిద్యాలు. ఆపైన ఏ భాగం వెనక ఏ భాగం మోగాలో చెప్పే పట్టికకు 130 బైట్లు. కూడితే 1080. సరిగ్గా అక్కడ, అర్థం కాని అంకెల నడుమ, చదవగలిగే గుర్తులు నాలుగు కనిపిస్తాయి: ఎం, చుక్క, కె, చుక్క.

ఎవరీ ఎం.కె.? ఎక్కువమంది చెప్పే జవాబు తప్పు. సరైన జవాబు దగ్గరికి వెళ్లాలంటే ముందు ఆ ఫైలును పుట్టించిన సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పుకోవాలి. దాని పేరు ట్రాకర్.

పైనుంచి కిందికి రాసే పాట

మన స్వరలిపి అడ్డంగా నడుస్తుంది. ట్రాకర్‌లో పాట నిలువుగా ఉంటుంది. తెర మీద నాలుగు నిలువు వరుసలు, ఒక్కో వరుస ఒక్కో గొంతు. పాట మొదలవగానే అంకెలన్నీ జలజలా పైకి పారుతూ పోతాయి. ప్రతి గడిలోనూ మూడు సంగతులుంటాయి: ఏ స్వరం, ఏ వాయిద్యం మీద, దాన్ని ఏం చెయ్యాలి. రుచంతా ఆ మూడోదాంట్లోనే ఉంది. 3 వేస్తే పాత స్వరం కొత్త స్వరం దాకా జారుతుంది. 4 వేస్తే వణుకుతుంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురం నుంచి తెలుగు లిపిలో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తిరగేసినవారికి ఇదేమీ వింతగా తోచదు. స్వరంతో పాటు జారుకో గుర్తు, కంపితానికో గుర్తు అందులోనూ ఉన్నాయి. ఆయన గీతలు గీశారు, వీళ్లు అంకెలు వేశారు. పోలిక అంతవరకే. గమకం లోతు ఈ అంకెలకు అందేది కాదు.

ఇంకో విశేషం. ట్రాకర్ ఫైలులో స్వరాలతో పాటు వాయిద్యాలూ ఉంటాయి. ఒక డోలు దెబ్బ, ఒక పియానో మీట, ఒక మనిషి కేక, ఇలా రికార్డు చేసిన చిన్న చిన్న శబ్దపు ముక్కల్ని శాంపిళ్లు అంటారు. అవి ఫైలులోనే కూర్చుంటాయి. అదే రోజుల్లోని మిడీ ఫైలు స్వరాలు మాత్రం మోసుకెళ్లేది. పాడేది ఏ సౌండ్ కార్డయితే దాని గొంతే వినిపించేది. ట్రాకర్ పాట మాత్రం తన మేళాన్ని తానే వెంట తెచ్చుకుంటుంది.

స్వరాలకు పట్టే చోటు ఎంతో చూడండి. ఒక భాగంలో, అంటే ఒక ‘ప్యాటర్న్’లో, 64 వరుసలు. వరుసకు నాలుగు గడులు. గడికి నాలుగు బైట్లు. మొత్తం 1024, కచ్చితంగా ఒక కిలోబైటు. 880 కిలోబైట్ల అమీగా ఫ్లాపీలో నాలుగైదు పాటలు, వాయిద్యాలతో సహా, పట్టేశాయంటే కారణం ఇదే.

అమ్ముడుపోని సరుకు

మొదటి ట్రాకర్‌గా అందరూ లెక్కపెట్టేది 1987లో వచ్చిన ‘అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్’ని. రాసింది జర్మనీకి చెందిన కార్స్టెన్ ఒబార్‌స్కీ. బంతితో ఇటుకలు పగలగొట్టే ‘అమెగాస్’ అనే ఆటకు పాట కట్టడం కోసం తయారుచేసుకున్న పనిముట్టు అది. దాన్నే తర్వాత పెట్టెలో పెట్టి అమ్మకానికి పెట్టారు. కొన్నవాళ్లు తక్కువ, తిట్టినవాళ్లు ఎక్కువ. ఇందులో తర్కం లేదు, వాడటం కష్టం, మాట వినదు అని సమీక్షకులు పెదవి విరిచారు.

ఒబార్‌స్కీకి ముందు మరొకరున్నారు. ఆయన పేరు క్రిస్ హూల్స్‌బెక్. 18 ఏళ్ల వయసులో కమోడోర్ 64 కంప్యూటర్ కోసం ‘సౌండ్‌మానిటర్’ రాశారు. అది 1986 అక్టోబరులో జర్మనీ పత్రిక ‘64ఎర్’లో అచ్చయింది. సాఫ్ట్‌వేర్ అచ్చవడమేమిటంటారా? ఆ రోజుల పద్ధతి అదే. పత్రికలో పేజీల కొద్దీ అంకెలు వేస్తారు, పాఠకులు వాటిని చూసి తమ యంత్రంలో టైపు చేసుకుంటారు. ఒక్క అంకె తప్పితే పాట గోవిందా. నిలువుగా పారే అంకెలు సౌండ్‌మానిటర్‌లోనే ఉన్నాయి. అసలుసిసలు శాంపిళ్లతో, అమీగా మీద, నేటి ట్రాకర్ రూపం తెచ్చింది మాత్రం ఒబార్‌స్కీ.

అమ్ముడుపోని ఆ సరుకును బతికించింది దొంగచేతులే. 1988లో ‘ది జంగిల్ కమాండ్’ అనే అమీగా ప్రోగ్రామర్ల ముఠాకు చెందిన డచ్చి కుర్రాడొకడు, ‘ఎక్స్‌టర్మినేటర్’ అతని మారుపేరు, ఆ ప్రోగ్రాంను కీలుకు కీలు ఊడదీసి, మరమ్మతు చేసి, ‘సౌండ్‌ట్రాకర్ 2’ పేరుతో వదిలాడు. అక్కడినుంచి ఎవరికి దొరికితే వాళ్లే సొంతదారులు. డి.ఓ.సి. వాళ్లది ఒకటి, స్ప్రెడ్‌పాయింట్ వాళ్లది ఒకటి. ఒకడు తప్పు దిద్దుతాడు, ఇంకొకడు కొత్త తప్పు చేరుస్తాడు, మూడోవాడు పైన తన ముఠా పేరు రాసుకుంటాడు. చట్టం ప్రకారం ఇది చౌర్యమే, అనుమానం లేదు. కానీ ఆ చౌర్యం జరక్కపోతే ఈ వ్యాసానికి విషయమే లేదు.

పేరులేనివాడి పొడి అక్షరాలు

ఇప్పుడు ఎం.కె. సంగతికి వద్దాం.

ఒబార్‌స్కీ ఫైలులో వాయిద్యాలు 15. ముఠాల చేతుల్లో పడ్డాక అవి 31 అయ్యాయి. దాంతో చిక్కొచ్చింది. పాత ఫైలులో స్వరాలు 600వ బైటు తర్వాత మొదలవుతాయి, కొత్తదాంట్లో 1084 తర్వాత. పాడించే ప్రోగ్రాంకు ఏది పాతదో ఏది కొత్తదో తెలిసేదెలా? కొత్త ఫైలు మీద ముద్ర వెయ్యాలి. అలా వేసిన ముద్రే ఎం.కె. పాత ఫైళ్లలో ఏ ముద్రా ఉండదు. ముద్ర లేకపోవడమే వాటి ముద్ర.

1989లో స్వీడన్ నుంచి ‘నాయిస్‌ట్రాకర్’ వచ్చి ఊపేసింది. రాసినవాళ్లు మహోనీ, కాక్టస్ అనే మారుపేర్ల జంట. ఇద్దరి మొదటి అక్షరాలూ ఎం, కె. ఇంకేం, ఆ గుర్తు వాళ్లదేనని లోకం తీర్మానించేసింది. నేటికీ చాలా చోట్ల అలాగే రాస్తున్నారు. నిజానికి ఆ ముద్ర అంతకుముందే ఉంది. వేసినవాడు సౌండ్‌ట్రాకర్‌ను మెరుగుపరిచిన మైకేల్ క్లెప్స్. డి.ఓ.సి. ముఠాలో ఆయన పెట్టుకున్న మారుపేరు ఏమిటో తెలుసా? ‘అన్‌నోన్’. తెలియనివాడు! పేరు చెప్పనని పట్టుపట్టిన మనిషి తన పొడి అక్షరాల్ని లెక్కలేనన్ని పాటల్లో దాచిపెట్టాడు.

ఆ నాలుగు బైట్ల జాగాలో తర్వాత ఎన్ని ముద్రలు పడ్డాయో! 1990లో నార్వే నుంచి లార్స్ హమ్రే బృందం తెచ్చిన ‘ప్రోట్రాకర్’లో 64కు మించి ప్యాటర్న్‌లుంటే చుక్కల బదులు ఆశ్చర్యార్థకాలు పడతాయి. ఫెయిర్‌లైట్ ముఠా వారి ‘స్టార్‌ట్రెక్కర్’ తన ముఠా పేరునే కుదించి ‘ఎఫ్‌ఎల్‌టీ4’ అని వేసుకుంది. దాని అన్న ‘ఎఫ్‌ఎల్‌టీ8’ ఇంకా తమాషా. ఎనిమిది గొంతులు కావాలి, ఫైలు అమరిక నాలుగింటికే కుదురుతుంది. అందుకని రెండు ప్యాటర్న్‌లను జంటకట్టి ఒకటిగా పాడించారు. ఈ గుట్టు తెలియని ప్రోగ్రాంలో వేస్తే ఆ పాట సగం సగంగా, వెనకాముందూ లేకుండా మోగుతుంది.

ప్రోట్రాకర్‌కు 3తో మొదలయ్యే వెర్షన్లు వచ్చినా, జనం మనసు మాత్రం 2.3డి దగ్గరే ఆగింది. ఈ మధ్య ప్రోట్రాకర్‌ను నేటి కంప్యూటర్లకు అచ్చుగుద్దినట్టు తిరిగి రాసినప్పుడు కూడా నమూనాగా తీసుకున్నది 2.3డినే.

125 ఎందుకు?

పాత ట్రాకర్ పాటల్లో ఎక్కువ భాగం వేగం నిమిషానికి 125 దెబ్బలు. సంగీతకారులు కూడబలుక్కున్నారా? లేదు. కారణం టీవీ. యూరప్ టీవీ తెర సెకనుకు 50 సార్లు గీసుకుంటుంది. అమీగా ఆ గీతనే తాళంగా పట్టుకుంది: గీతకో టిక్కు, ఆరు టిక్కులకో వరుస, నాలుగు వరుసలకో దెబ్బ. దెబ్బకు 24 టిక్కులు, నిమిషానికి 3000 టిక్కులు. భాగించి చూడండి.

అమెరికా టీవీ సెకనుకు 60 సార్లు గీస్తుంది. ఆ తాళం మీద అదే పాట 150 దెబ్బలతో పరుగెత్తేది. మన దూరదర్శన్ కూడా యూరప్ లెక్కే కాబట్టి ఇక్కడ అమీగా ఉన్న అదృష్టవంతులకు పాట సరైన నడకలోనే వినిపించి ఉండాలి.

నాలుగే గొంతులు

అమీగాలో శబ్దం పుట్టించే చిప్పు పేరు పౌలా. నాలుగు గొంతులు, రెండు ఎడమ చెవికి, రెండు కుడి చెవికి. అంతకుమించి లేవు. డోలుకొకటి, బేసుకొకటి, రాగానికొకటి పోతే మిగిలేది ఒక్కటే. మూడు స్వరాలు కలిసి మోగే మేళనం వినిపించాలంటే ఎలా?

గడిలో 047 అని వెయ్యండి. యంత్రం ఒక టిక్కుకు షడ్జమం, మరుసటి టిక్కుకు నాలుగు మెట్లు పైన అంతర గాంధారం, ఆపై టిక్కుకు ఏడు మెట్లు పైన పంచమం, మళ్లీ షడ్జమం, ఇలా సెకనుకు 50 సార్లు గొంతు మారుస్తుంది. చెవి మోసపోతుంది. మూడూ కలిసి మోగుతున్నాయనుకుంటుంది, కొంచెం గలగలలాడుతూ. పాత వీడియో గేముల పాటల్లో వినిపించే ఆ గలగల ఈ పేదరికం లోంచి వచ్చిందే.

నాలుగింటితో తృప్తి పడనివాళ్లూ ఉన్నారు. జర్మనీలో ఆర్మిన్ సాండర్ 1989లో ‘ఆక్టలైజర్’ రాశారు. రెండేసి గొంతుల్ని ముందే కలిపి ఒక దారిలో పంపి ఎనిమిది చేశారు. నాణ్యత కొంత పోయేది. ఫిన్లాండ్‌లో టెయియో కిన్నునెన్ తన ‘మెడ్’ను పెంచి ‘ఆక్టామెడ్’ చేశారు. ఇంగ్లండ్ డాన్సు సంగీతానికి ఇది వరమైంది. ఖరీదైన స్టూడియోకు డబ్బు లేని కుర్రాళ్లు పడగ్గదుల్లో అమీగాలు పెట్టుకుని వాయించేశారు. 1992లో అర్బన్ షేక్‌డౌన్ బృందం ‘సమ్ జస్టిస్’ అనే పాటను అమీగాల మీదే కట్టింది. 2007లో, అమీగా చచ్చిపోయిందని అందరూ అనుకున్న ఎన్నో ఏళ్లకు, కాల్విన్ హారిస్ తన మొదటి ఆల్బం ‘ఐ క్రియేటెడ్ డిస్కో’ను అదే ఆక్టామెడ్‌తో చేశారు.

వాయిద్యాల పేర్లలో ఉత్తరాలు

ఒక్కో వాయిద్యం పేరుకు 22 అక్షరాల చోటుంది. ‘డోలు’, ‘బేసు’ అని రాసుకుంటే ఏం బాగుంటుంది? అందుకే ఆ గడులన్నీ ఉత్తరాలయిపోయాయి. స్నేహితులకు పలకరింపులు, శత్రువులకు చురకలు, ఇంటి చిరునామాలు, ‘ఈ పాట తెల్లవారుజామున ముగించాను’ తరహా డైరీ ముక్కలు. 31 వాయిద్యాలు, 22 అక్షరాలు: మొత్తం 682. ఒక కార్డుముక్కంత.

పీసీలో పాము

1990ల్లో ఆట పీసీ మీదికి మారింది. ఫిన్లాండ్‌లో ‘ఫ్యూచర్ క్రూ’ ముఠాకు చెందిన సామి తమ్మిలెహ్తో ‘స్క్రీమ్ ట్రాకర్’ రాశారు. ఆ ముఠా 1993లో అసెంబ్లీ అనే పోటీలో చూపించిన ‘సెకండ్ రియాలిటీ’ అనే ప్రదర్శనను కంప్యూటర్ కళలో ఒక మైలురాయిగా ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికి సంగీతం కట్టిన ఇద్దరిలో ఒకరు స్కావెన్, అసలు పేరు పీటర్ హైబా. ‘బిజువెల్డ్ 2’లో రత్నాలు జరుపుతూ మీరు విన్న సంగీతం ఆయనదే.

స్వీడన్‌లో ‘ట్రైటన్’ ముఠా వాళ్లు 1994లో ‘ఫాస్ట్‌ట్రాకర్ 2’ వదిలారు. రాసింది ఫ్రెడ్రిక్ హుస్, మాగ్నస్ హోగ్డాల్. మౌసుతో పనిచేసే చక్కని తెర, 32 గొంతులు. సంగీతం రాయడానికి ఇంతకంటే ఏం కావాలి? వాళ్లకు ఇంకొకటి కావాల్సి వచ్చింది. ‘నిబ్బుల్స్’ అనే బటన్ నొక్కితే అంకెలన్నీ మాయమై తెర మీద పాము వస్తుంది! తింటూ పెరిగే ఆ పాము ఆట సంగీతపు సాఫ్ట్‌వేర్ లోపలే ఉంది. పాట కుదరనప్పుడు కాసేపు ఆడుకోమని కాబోలు. ఆ ముఠాలోని వాళ్లే తర్వాత ‘స్టార్‌బ్రీజ్’ అనే ఆటల కంపెనీకి పునాది వేశారు.

ఫాస్ట్‌ట్రాకర్ 2లో తప్పులూ ఉన్నాయి. కొన్ని అంకెల జతలు వేస్తే అనుకోనివేవో శబ్దాలు వచ్చేవి. సంగీతకారులు వాటిని పట్టుకుని పాటల్లో వాడేసుకున్నారు. ఫలితం? ఈ రోజు ఎవరైనా ఆ ఫైళ్లను పాడించే ప్రోగ్రాం రాయాలంటే ముప్పయ్యేళ్ల నాటి తప్పుల్ని పొల్లుపోకుండా తిరిగి చెయ్యాలి. దిద్దితే పాట చెడిపోతుంది.

ఆస్ట్రేలియా వాసి జెఫ్రీ లిమ్ 1995లో ‘ఇంపల్స్ ట్రాకర్’ తెచ్చారు. ఉచితం, 64 గొంతులు. కొత్త స్వరం వచ్చినా పాత స్వరం తెగిపోకుండా దానిమానాన అది సాగిపోయే సదుపాయం అందులో ముచ్చటైనది. స్టీరియోలో రికార్డు చేసే చిన్న భాగాన్ని మాత్రం డబ్బిచ్చినవాళ్లకే పంపేవారు. అది కాస్తా దొంగకాపీలై బయటికొచ్చింది. ఆయన మనసు విరిగి పని ఆపేశారు. చౌర్యంతో పుట్టిన వంశంలో చౌర్యం వల్లే ఒక కొమ్మ ఎండిపోయింది. 2014లో ఆయనే తన అసలు ప్రోగ్రాంను అందరికీ బహిరంగంగా ఇచ్చేశారు.

పోగొట్టుకున్నవాడు పేకాట గెలిచాడు

ఫిన్లాండ్‌కే చెందిన ఆస్కరి తమ్మెలిన్ రాసిన ‘బజ్’లో ట్రాకర్ పట్టికలకు కృత్రిమ వాయిద్యాల యంత్రాల్ని తీగలతో కలుపుకోవచ్చు. వేలమంది వాడుతుండగా 2000 అక్టోబరులో ఆయన దగ్గరున్న అసలు కోడ్ పోయింది. ఇంకో ప్రతి లేదు. ఎనిమిదేళ్ల పాటు ‘బజ్’ ఎక్కడిదక్కడే ఆగింది, 2008లో మళ్లీ కదిలింది.

తమ్మెలిన్ పేరు మళ్లీ వినిపించింది 2015 జనవరిలో, ‘సైన్స్’ పత్రికలో. ఇద్దరాడే ఒక రకం పోకర్ పేకాటను కంప్యూటర్‌తో పూర్తిగా ఛేదించామని ప్రకటించిన నలుగురిలో ఆయనొకరు. అందులో వాడిన కీలకమైన లెక్క పద్ధతి ఆయనదే.

ఎక్కడెక్కడో తేలినవాళ్లు

2000ల మొదట్లో ఏ ఊరి ఇంటర్నెట్ సెంటర్‌లోనైనా ఒక పాట వినిపించేది. సాఫ్ట్‌వేర్ తాళాన్ని దొంగతనంగా తీసే చిన్న ప్రోగ్రాం తెరవగానే చెప్పాపెట్టకుండా కీచుమని మొదలై పక్కవాళ్లంతా తలతిప్పేలా చేసేది. ఆ పాటలు ట్రాకర్‌లో కట్టినవే. అలా ఎక్కువగా మోగినవాటిలో ఒకటి స్వీడన్ కుర్రాడు క్వాజార్ రాసిన ‘హైబ్రిడ్ సాంగ్’. ఆ కుర్రాడి అసలు పేరు ఆక్సెల్ హెడ్‌ఫోర్స్. తర్వాత ఆక్స్‌వెల్ పేరుతో స్వీడిష్ హౌస్ మాఫియాలో ఒకడై స్టేడియాలు నింపాడు.

అమీగా పాటల్లో ‘స్పేస్ డెబ్రిస్’కు ఉన్న పేరు చాలా తక్కువవాటికి ఉంది. కట్టినాయన మారుపేరు కెప్టెన్, అసలు పేరు మార్కుస్ కార్లోనెన్. మన దేశంలో కచేరీలు చేసిన ఫిన్లాండ్ రాక్ బృందం ‘పోయెట్స్ ఆఫ్ ద ఫాల్’లో కీబోర్డు వాయించేది ఈయనే. ఆ కచేరీకి వెళ్లి కేకలు పెట్టినవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

ఒక పాట కోర్టుకూ ఎక్కింది. ఫిన్లాండ్ వాసి యన్నే సుని ‘యాసిడ్‌జాజ్డ్ ఈవెనింగ్’ అనే నాలుగు గొంతుల పాటతో 2000లో అసెంబ్లీ పోటీ గెలిచారు. దాన్ని మరొకరు కమోడోర్ 64కు మలిచారు. 2006లో వచ్చిన నెల్లీ ఫుర్టాడో ఆల్బం ‘లూస్’లోని ‘డూ ఇట్’ పాటకూ దీనికీ పోలికలున్నాయని గొడవ లేచింది. అమెరికాలో వేసిన దావా వీగిపోయింది. దావాకు ముందు అక్కడ కాపీరైటు రిజిస్టరు చేయించలేదు, మినహాయింపు వర్తిస్తుందని వాది రుజువు చెయ్యలేకపోయారు అని 2012లో అప్పీలు కోర్టు తేల్చింది. పోలిక సంగతి అక్కడ తేలనేలేదు.

ఇంట్లోనే ఆడి చూడొచ్చు

ఈ వంశం అంతరించలేదు. 2005 నుంచి నింటెండో చిప్పుల శబ్దానికి ‘ఫామిట్రాకర్’ ఉంది, జేబులో పట్టే గేమ్‌బాయ్‌కి ‘లిటిల్ సౌండ్ డీజే’ ఉంది. పోలండ్, రష్యాల్లో స్పెక్ట్రమ్ యంత్రాల కోసం పుట్టిన ట్రాకర్ల శాఖ వేరే. వాటి పోకడలో సెర్గీ బుల్బా రాసిన ‘వోర్టెక్స్ ట్రాకర్’ను నేటి పీసీల మీదా వాడుతున్నారు. ఫోన్లో కావాలంటే అలెగ్జాండర్ జొలొతోవ్ ‘సన్‌వాక్స్’ ఉంది.

వీటన్నిటికంటే ముందు ‘ఫాస్ట్‌ట్రాకర్ 2’కు అచ్చుగుద్దిన కొత్త రూపం దించుకుని చూడమంటాను. ఉచితం, నేటి కంప్యూటర్ల మీద నడుస్తుంది. మొదటి గంటలో పాట రాకపోయినా కంగారు పడకండి. నిబ్బుల్స్ బటన్ అక్కడే ఉంది, పాము కూడా.